నక్షత్రాల లెక్క సాక్ష్యం కాదు

ఎవరిని కదిలించినా అదే మాట. మన పాలపుంతలోనే 10 వేల కోట్లకు పైగా నక్షత్రాలున్నాయి, అలాంటి నక్షత్ర మండలాలు మళ్లీ వేల కోట్లున్నాయి, ఇంత విశ్వంలో భూమి మీద తప్ప ఇంకెక్కడా ప్రాణి లేదంటే నమ్మేదెలా, ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది! ఈ మాట టీవీ చర్చల్లో వినిపిస్తుంది, పిల్లల సైన్స్ పుస్తకాల్లో కనిపిస్తుంది, పెద్ద పెద్ద శాస్త్రవేత్తల ఇంటర్వ్యూల్లోనూ దొర్లుతుంది. క్రమంగా ఇదే శాస్త్రీయ దృక్పథం అన్న పేరు కూడా సంపాదించుకుంది. సందేహించినవాడు సంకుచితుడో, మతం మత్తులో ఉన్నవాడో అన్నట్టు చూస్తారు.

ఈ వాదన తప్పు. భూమికి అవతల జీవం లేదని నేను అనడం లేదు. ఉందో లేదో ఇవాళ భూమి మీద ఎవరికీ తెలియదు. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పే ఈ అలవాటు, మన తరం చేపట్టిన గొప్ప అన్వేషణల్లో ఒకదాన్ని లోపల్నించి దెబ్బతీస్తోంది. నా గోడు అదీ.

ముందు లెక్క సంగతి చూద్దాం. ఎన్ని చోట్ల జీవం ఉందో చెప్పాలంటే రెండు అంకెలు కావాలి. జీవానికి అనువైన చోట్లు ఎన్ని అన్నది ఒకటి. అనువైన చోట నిర్జీవమైన రసాయనాల్లోంచి ప్రాణం పుట్టే అవకాశం ఎంత అన్నది రెండోది. రెండింటినీ గుణిస్తే జవాబు వస్తుంది. మొదటి అంకె చాలా పెద్దదని ఒప్పుకుందాం. కనిపించే విశ్వంలో నక్షత్రాలు సుమారు 1 పక్కన 22 సున్నాలు పెట్టినంత. మరి రెండోది? అది వందలో ఒక వంతైతే ఆకాశమంతా ప్రాణులతో కిటకిటలాడుతుంది. 1 పక్కన 40 సున్నాలు పెట్టి, అందులో ఒక వంతైతే ఈ నక్షత్రాలన్నీ కలిసినా మరో చోట జీవం ఉండే ఆశ దాదాపు శూన్యం. ఈ రెంటిలో ఏది నిజమో, మధ్యలో ఎక్కడ ఆగుతుందో చెప్పగల సిద్ధాంతం గానీ ప్రయోగం గానీ ఇంతవరకూ లేదు. తెలియని అంకెను ఎంత పెద్ద అంకెతో గుణించినా వచ్చేది తెలియని అంకే.

అంత చిన్న అంకె ఎక్కడైనా ఉంటుందా అని అడుగుతారు. 22 సున్నాలు వినడానికి గొప్పగా ఉంటాయి గానీ రసాయన కలయికల ముందు అవి చాలా తక్కువ. మన శరీరం వాడే ఎమినో ఆమ్లాలు 20 రకాలు. వాటిని వంద చొప్పున గొలుసుకట్టుగా పేరిస్తే ఎన్ని రకాల గొలుసులు వస్తాయో లెక్కవేస్తే 130 సున్నాలు పెట్టాలి. జీవం అలా ఒక్కసారిగా, గుడ్డిగా పేర్చుకుని పుట్టలేదు. మెట్టు తర్వాత మెట్టుగా, ప్రతి మెట్టు దగ్గరా ఎంపిక జరుగుతూ వచ్చి ఉంటుంది. అందుకే ఈ అంకె చూపించి సృష్టికర్తను రుజువు చేయబోయేవాళ్ల వాదన నిలవదు. కానీ ఆ మెట్లు ఏమిటో, ఏ మెట్టు ఎంత కష్టమో తెలియనంతకాలం నక్షత్రాల సంఖ్య చూపించి నోరు మూయించడం కూడా నిలవదు.

ఈ వాదన చేసేవాళ్లంతా ఫ్రాంక్ డ్రేక్ పేరు ఎత్తుతారు. 1960లో వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్ బ్యాంక్ దగ్గర 26 మీటర్ల రేడియో టెలిస్కోప్‌ను రెండు నక్షత్రాల వైపు తిప్పి సంకేతాల కోసం చెవి ఒగ్గిన మనిషి ఆయన. మరుసటి ఏడాది అక్కడే జరిగిన చిన్న సమావేశంలో ఏమేం చర్చించాలో చెప్పడానికి ఆయన బోర్డు మీద ఒక సమీకరణం రాశారు. నక్షత్రాలు పుట్టే వేగం, వాటిలో గ్రహాలున్నవి ఎన్ని, వాటిలో అనువైనవి ఎన్ని, వాటిలో జీవం పుట్టేవి ఎన్ని, అలా వరుసగా. అది చర్చకు రాసుకున్న ప్రశ్నల పట్టిక. దాన్నే జవాబిచ్చే యంత్రంలా వాడుతున్నారు జనం. ఈ ఆరు దశాబ్దాల్లో మనం నిజంగా నేర్చుకున్నది ఆ వరుసలో మొదటి రెండు మూడు అంశాల గురించే. 1995లో సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ తొలి గ్రహం దొరికింది. 2025 నాటికి ఆ లెక్క 6 వేలు దాటింది. గ్రహాలు సర్వసాధారణమని తేలిపోయింది. ఇది మహత్తరమైన విజయం. అయితే జీవం పుట్టే అవకాశం అన్న అంశం దగ్గరకొస్తే మాత్రం 1961లో డ్రేక్ సుద్దముక్క ఆగినచోటే మనమూ ఉన్నాం.

నక్షత్రాల లెక్కకు ఇంకో మాట తోడవుతుంది. భూమి విశ్వానికి కేంద్రం కాదని కోపర్నికస్ చెప్పాడు కదా, మనం ప్రత్యేకం కాదు కదా, ఇక్కడ పుట్టిన జీవం అక్కడ ఎందుకు పుట్టదు? కోపర్నికస్ చెప్పింది భూమి ఎక్కడుందో. జీవం ఎంత తరచుగా పుడుతుందో ఆయన చెప్పలేదు. ఈ ప్రశ్న అడగాలంటే అడిగేవాడు బతికుండాలి. బతికుండాలంటే జీవం పుట్టిన గ్రహం మీదే ఉండాలి. విశ్వమంతటిలో జీవం ఒకే ఒక్కసారి పుట్టినా అడిగేవాడు సరిగ్గా అక్కడే నిలబడి ఉంటాడు. కాబట్టి మనం ఉన్నామన్న నిజం, జీవం అరుదా సాధారణమా అన్నదాని గురించి ఏమీ చెప్పదు. బ్రాండన్ కార్టర్ అనే భౌతిక శాస్త్రవేత్త 1970ల నుంచీ ఇదే హెచ్చరిక చేస్తూ వచ్చారు. పెళ్లి పంక్తిలో కూర్చున్నవాళ్లను అడిగి, ఊరందరికీ శుభలేఖలు అందాయని తేలిస్తే ఎలా ఉంటుందో ఈ వాదన అలా ఉంటుంది.

కొంచెం బలమైన వాదన మరొకటుంది, దానికి గౌరవంగా జవాబు చెప్పాలి. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బారా ప్రాంతపు రాళ్లలో సుమారు 348 కోట్ల ఏళ్ల నాటి సూక్ష్మజీవుల పొరల జాడలున్నాయి. భూమి చల్లారగానే జీవం పుట్టేసిందంటే, పుట్టడం తేలికన్నమాటే కదా అంటారు. ఆలోచించాల్సిన మాటే. అయితే ఆ తర్వాత ఇలా లెక్కలు వేసుకునే జీవి రావడానికి దాదాపు 350 కోట్ల ఏళ్లు పట్టింది. సూర్యుడి వేడి పెరిగి భూమి బతకడానికి పనికిరాకుండా పోవడానికి మిగిలింది సుమారు మరో 100 కోట్ల ఏళ్లు. అంటే జీవం ఆలస్యంగా మొదలైన గ్రహాల మీద, అడిగేవాడు పుట్టేలోపే పుణ్యకాలం గడిచిపోతుంది. అడిగేవాడున్న ప్రతిచోటా జీవం తొందరగానే మొదలై ఉండక తప్పదు. డేవిడ్ స్పీగెల్, ఎడ్విన్ టర్నర్ 2012లో ఈ లెక్క కట్టి, తొలినాళ్లలోనే జీవం పుట్టడం అన్న ఒక్క ఉదాహరణతో జీవం సాధారణమని తేల్చలేమని చూపించారు. 2020లో డేవిడ్ కిప్పింగ్ వేసిన లెక్క కాస్త అటువైపు మొగ్గింది. భూమిలాంటి పరిస్థితుల్లో జీవం త్వరగా పుడుతుందనడానికి మూడుకు ఒకటి చొప్పున పందెం కాయవచ్చని దాని సారం. నేనూ దాన్ని ఆసక్తిగానే చదివాను. కానీ మూడుకు ఒకటి అన్నది 'ఉండి తీరాలి' కాదు. పైగా భూమిలాంటి పరిస్థితులు ఎన్ని చోట్ల ఉన్నాయన్న ప్రశ్న అలాగే మిగిలింది.

మరుగుతున్న నీటి బుగ్గల్లో, ఆమ్లాల్లో, సముద్రపు అడుగున కూడా సూక్ష్మజీవులు బతుకుతున్నాయి కాబట్టి ఎక్కడైనా పుడతాయనడం తొందరపాటు. ఒకసారి పుట్టిన జీవం ఎక్కడికైనా పాకగలదని అవి చూపిస్తాయి. ఎక్కడైనా పుట్టగలదని కాదు. బెన్ను గ్రహశకలం నుంచి 2023లో తెచ్చిన 121.6 గ్రాముల ధూళి సంగతీ అంతే. ప్రొటీన్లలో ఉండే 20 ఎమినో ఆమ్లాల్లో 14, జన్యు పదార్థంలోని అయిదు క్షారాలూ అందులో దొరికాయి. అద్భుతం. అయితే ఆ ఎమినో ఆమ్లాల్లో ఎడమచేతి వాటం అణువులు, కుడిచేతి వాటం అణువులు దాదాపు సమానంగా ఉన్నాయి. భూమి మీద జీవం ఎడమచేతి వాటం వాటినే వాడుతుంది. ముడిసరుకు విశ్వమంతా దొరుకుతుందని బెన్ను చెప్పింది. 450 కోట్ల ఏళ్లు పడి ఉన్నా ఆ ముడిసరుకు అక్కడ ముడిసరుకుగానే మిగిలిందని కూడా చెప్పింది. రెండో సంగతి ఎవరూ ఎత్తరు.

లెక్క తప్పైతే ఏం, నమ్మకం వల్ల నష్టమేమిటి అని అడగవచ్చు. నష్టం సాక్ష్యాన్ని చదివే దగ్గర మొదలవుతుంది.

మన హైదరాబాద్‌లోనే జరిగిన ఉదాహరణ ఉంది. 2005 ఏప్రిల్‌లో ఇక్కడి టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం నుంచి 459 కిలోల పరికరాలతో ఒక పెద్ద బెలూన్ లేచింది. అందులో క్రిమిరహితం చేసి, గాలి తీసేసి మూసిన 16 స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాలు. వాటిని చల్లబరచడానికి 38 కిలోల ద్రవ నియాన్. నేలకు 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుల మధ్య ఒక్కో గొట్టం మూత తెరుచుకుని అక్కడి పల్చటి గాలిని పీల్చుకుని మూసుకుంది. ఆ నమూనాలను హైదరాబాద్ సీసీఎంబీలోనూ పుణేలోనూ పరీక్షించారు. 12 బ్యాక్టీరియా కాలనీలు, 6 శిలీంధ్ర కాలనీలు బయటపడ్డాయి. వాటిలో మూడు బ్యాక్టీరియా అప్పటికి ఎవరూ వర్ణించనివి. ఒకదానికి ఫ్రెడ్ హోయల్ పేరు మీద, ఒకదానికి ఇస్రో పేరు మీద, ఒకదానికి ఆర్యభట్ట పేరు మీద పేర్లు పెట్టారు. జీవం తోకచుక్కల మీద ఎక్కి భూమికి వచ్చిందన్నది హోయల్ వాదన. ఈ ప్రయోగాన్ని నడిపించిన జయంత్ నార్లీకర్ ఆయన శిష్యుడు. 2009లో ఫలితాలు ప్రకటించినప్పుడు ఇస్రో, ఈ జీవులు భూమికి అవతల నుంచి వచ్చాయని ఈ పరీక్ష రుజువు చేయడం లేదని స్పష్టంగానే చెప్పింది. కానీ 'ఆకాశం నుంచి దిగిన జీవులు' అన్న మాట వదంతిలా పాకింది, ఇప్పటికీ ఆ మాట చెప్పేవాళ్లున్నారు.

ఆ మూడూ భూమి మీది బ్యాక్టీరియా వంశవృక్షంలో చక్కగా ఇమిడాయి. అదే జన్యు పదార్థం, అదే యంత్రాంగం. ఆర్యభట్ట పేరు పెట్టిన బ్యాక్టీరియా ఆ తర్వాత పంట పొలాల మట్టిలో, మొక్కల వేళ్ల చుట్టూ దొరికింది. మొక్కల ఎదుగుదలకు పనికొస్తుందని దాని మీద వ్యవసాయ పరిశోధనలు నడుస్తున్నాయి. 41 కిలోమీటర్ల ఎత్తున, అంత అతినీలలోహిత కాంతిలో, భూమి మీది సూక్ష్మజీవులు ప్రాణంతో ఉన్నాయన్నది ఆ ప్రయోగం ఇచ్చిన అసలైన, ఎంతో విలువైన ఫలితం. ఇక్కడివాళ్లు చేతులారా చేసిన ఆ పనికి దక్కాల్సిన గౌరవాన్ని 'పైనుంచి వచ్చి ఉంటాయి' అన్న ఆశ కాజేసింది.

2025 ఏప్రిల్‌లో కే2-18బీ విషయంలోనూ ఇదే జరిగింది. సింహరాశిలో 124 కాంతి సంవత్సరాల దూరంలో, ఎర్ర మరుగుజ్జు నక్షత్రం చుట్టూ 33 రోజులకోసారి తిరిగే గ్రహమది. భూమికి 8.6 రెట్ల బరువు, 2.6 రెట్ల వ్యాసార్థం. కేంబ్రిడ్జిలో పనిచేసే నిక్కు మధుసూదన్ బృందం జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌తో దాని వాతావరణాన్ని పరిశీలించి, డైమిథైల్ సల్ఫైడ్ గానీ దాని దగ్గరి చుట్టం డైమిథైల్ డైసల్ఫైడ్ గానీ ఉన్నట్టు సూచనలు కనిపించాయని ప్రకటించింది. భూమి మీద ఈ వాయువును ప్రధానంగా సముద్రపు నాచు తయారుచేస్తుంది. ఆ బృందమే ఇంకా నిర్ధారణ కావాలని చెప్పింది, ఆ కనిపించినది కేవలం యాదృచ్ఛికం అయ్యే అవకాశం వెయ్యికి మూడని చెప్పింది. మన పత్రికలూ ఛానళ్లూ ఆ ముక్కను చివరి పేరాకు తోసేసి, మనవాడు జీవం కనిపెట్టేశాడని పండగ చేశాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

తర్వాత ఏమైంది? అదే సమాచారాన్ని వేరే బృందాలు తమ పద్ధతుల్లో విడదీసి చూస్తే ఆ వాయువు ఉందనడానికి బలమైన ఆధారం కనిపించలేదు. ఒక విశ్లేషణలో, ఏ వాయువు జాడా లేని చదునైన గీత కూడా ఆ సమాచారానికి సరిపోయింది. ఇక ఆ వాయువు జీవానికే సొంతమా అంటే అదీ కాదు. ప్రాణి అన్నది లేని 67పీ తోకచుక్క మీద అది ఉన్నట్టు రొసెట్టా నౌక సమాచారం నుంచి 2024లో తేలింది. ఈ గ్రహం చరిత్రలోనే ఇంకో పాఠం ఉంది. 2019లో హబుల్ టెలిస్కోప్ సమాచారంతో దీని మీద నీటి ఆవిరి ఉందని ప్రపంచమంతా రాశారు. 2023లో వెబ్ చూసేసరికి ఆ జాడ చాలావరకు మీథేన్‌దని తేలింది. ఒక్క అణువును గుర్తుపట్టడంలోనే ఇంత పొరపాటుకు వీలున్నచోట, ఆ అణువును తయారుచేసింది ఫలానా ప్రాణి అని చెప్పడానికి ఎంత ఓపిక కావాలి!

వెయ్యికి మూడు అన్న అంకె ఎంత విలువైనదో మనం ముందే ఏం నమ్ముతున్నామన్న దాన్ని బట్టి మారుతుంది. ఇలాంటి గ్రహాల్లో సగానికి జీవం ఉంటుందని ముందే తెలిసి ఉంటే ఆ అంకె దాదాపు రుజువే. లక్షలో ఒకదానికి కూడా ఉండదనుకుంటే అది గాలివాటం. 'ఉండే ఉంటుంది' అనేవాడు తనకు తెలియకుండానే మొదటి పక్షాన కూర్చుని ఫలితం చదువుతున్నాడు.

చాలా ఏళ్ల కిందటే ఈ చేదు అనుభవం అయింది. 1976లో రెండు వైకింగ్ నౌకలు అంగారకుడి మీద దిగాయి. గిల్బర్ట్ లెవిన్ రూపొందించిన ప్రయోగంలో అర ఘన సెంటీమీటరు మట్టి మీద రేడియోధార్మిక కార్బన్ కలిపిన పోషక ద్రవం చుక్క వేశారు. మట్టిలో సూక్ష్మజీవులుంటే అవి దాన్ని తిని, రేడియోధార్మిక వాయువు వదలాలి. వాయువు వచ్చింది! మట్టిని 160 డిగ్రీల దగ్గర కాల్చి మళ్లీ చేస్తే రాలేదు. జీవం ఉన్నచోట ఎలా జరగాలో అచ్చం అలాగే. వారం తర్వాత రెండో చుక్క వేశారు. తిండి మళ్లీ దొరికింది కాబట్టి వాయువు మళ్లీ పెరగాలి. పెరగకపోగా తగ్గింది. పక్కనే ఉన్న మరో పరికరం ఆ మట్టిలో సేంద్రియ పదార్థమే లేదంది. 2008లో ఫీనిక్స్ నౌక అంగారకుడి మట్టిలో పెర్క్లోరేట్ అనే లవణాన్ని కనిపెట్టాక చిక్కుముడి కొంత విడింది. వేడిచేస్తే ఆ లవణం సేంద్రియ పదార్థాన్ని తినేస్తుంది. మట్టి రసాయనం తెలియకుండా మట్టిలో ప్రాణం వెతికాం. తాను కనిపెట్టింది జీవాన్నేనని లెవిన్ 2021లో కన్నుమూసేదాకా వాదించారు. ఆయన పట్టుదలను నేను తక్కువ చేయను. కానీ ఆయన ప్రయోగం మిగిల్చిన గుణపాఠం మాత్రం వేరు.

లేదనేవాళ్లకు కూడా నా వాదనలో ఊరట లేదు. అరవై ఏళ్లుగా వింటున్నా ఎవరూ పలకలేదు కాబట్టి ఎవరూ లేరనేవాళ్లూ అదే తప్పు తిరగేసి చేస్తున్నారు. ఇప్పటిదాకా విన్నది వినాల్సినదానిలో లెక్కలోకి రానంత కొంచెం.

ఆ రెండో అంకె ఎలా తెలుస్తుంది? నక్షత్రాలు లెక్కపెడితే తెలియదు, రెండోసారి జీవం పుట్టినచోటు ఒక్కటి దొరికితే తెలుస్తుంది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. అంగారకుడి రాళ్లు భూమి మీద పడుతుంటాయి. 1996లో శిలాజాలున్నాయంటూ సాక్షాత్తూ అమెరికా అధ్యక్షుడి చేత మాట్లాడించిన, అంటార్కిటికాలో దొరికిన ఉల్క అలా వచ్చిందే. ఆ శిలాజాల కథ తర్వాత నిలవలేదు గానీ రాళ్ల రాకపోకలు నిజం. అందుకే అంగారకుడి మీద సూక్ష్మజీవి దొరికినా అది మన దాయాదే అయ్యే అవకాశముంది. శని చుట్టూ తిరిగే ఉపగ్రహం ఎన్సెలాడస్ మాత్రం ఆ రాకపోకలకు చాలా దూరం. మంచు పొర కింద సముద్రం, పగుళ్లలోంచి ఎగజిమ్మే నీరు. ఆ నీటిలో హైడ్రోజన్ ఉందని 2017లో, ఫాస్ఫేట్లు ఉన్నాయని 2023లో కాసిని నౌక సమాచారం తేల్చింది. ఆ జల్లులో ఎమినో ఆమ్లాలు దొరికి, అవి ప్రధానంగా కుడిచేతి వాటంవి అయితే, అది మన వంశం కాని ప్రాణి అనడానికి గట్టి ఆధారం. ఒకే సూర్యుడి చుట్టూ జీవం విడివిడిగా రెండుసార్లు పుట్టిందంటే, అప్పుడు ఆ వేల కోట్ల నక్షత్రాల మాట నేనే అందరికంటే ముందు ఎత్తుతాను. యూరోపా క్లిప్పర్ 2024 అక్టోబర్‌లో బయలుదేరి 2030లో గురుడిని చేరుతుంది. ప్రాణిని నేరుగా గుర్తించే పరికరాలు అందులో లేవు, గురుడి ఉపగ్రహం యూరోపా మీది సముద్రం నివాసయోగ్యమో కాదో చూడ్డమే దాని పని. ఎన్సెలాడస్ జల్లును పట్టి పరీక్షించే నౌక ఇంకా కాగితాల మీదే ఉంది.

కాగితాల మీద ఎందుకుందంటే డబ్బు లేక. అంగారకుడి దగ్గరా అదే కథ. పెర్సెవరెన్స్ రోవర్ 2024 జులైలో జెజెరో బిలం దగ్గర చిరుతపులి మచ్చల్లాంటి గుర్తులున్న రాయిని తొలిచి, ఒక గొట్టంలో భద్రపరిచింది. ఆ మచ్చల్లో ఇనుప ఫాస్ఫేటు, ఇనుప సల్ఫైడు ఖనిజాలున్నాయి. భూమి మీద ఇలాంటివి బురదలోని సూక్ష్మజీవుల పనివల్ల ఏర్పడతాయి, జీవం లేకుండానూ ఏర్పడవచ్చు. 2025 సెప్టెంబర్‌లో వెలువడిన పత్రం దాన్ని 'జీవపు జాడ కావచ్చు' అన్నంతవరకే చెప్పి ఆగింది. ఏది నిజమో రోవర్ మీది పరికరాలు తేల్చలేవు, ఆ రాయి భూమి మీది ప్రయోగశాలకు రావాలి. తెచ్చే కార్యక్రమానికి 1,100 కోట్ల డాలర్ల దాకా అవుతుందని, 2040 దాకా పడుతుందని 2024లో నాసాయే చెప్పింది. 2025 మేలో అమెరికా ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఎత్తేయాలని ప్రతిపాదించింది.

పన్ను కట్టేవాడు ఆ డబ్బు ఎందుకివ్వాలి? 'ఎలాగూ ఉండే ఉంటుంది' అని అతనికి నూరిపోసింది మనమే. ఉందని ముందే తేలిపోయినదాన్ని వెతకడానికి ఎవరైనా అంత సొమ్ము ఎందుకు పోస్తారు? ఇవాళైనా అతనికి ఉన్నదున్నట్టు చెప్పాలి: జీవం విశ్వంలో ఒక్కసారే పుట్టిందో కోట్లసార్లు పుట్టిందో మనిషికి తెలియదు, ఎన్ని నక్షత్రాలు లెక్కపెట్టినా తెలియదు, ఆ గొట్టంలోని రాయిని, ఎన్సెలాడస్ నీటిని తెచ్చి పరీక్షిస్తే తెలిసే అవకాశం ఉంది, దానికే అడుగుతున్నాం.